అమ్మ ప్రార్థన మానేసిన శ్రమకాలం

శ్రమకాలం వచ్చిందంటే మా సంఘంలో సాయంత్రానికొక ఇంట్లో ప్రార్థన కూటం జరుగుతుంది. భస్మ బుధవారం నుంచి మంచి శుక్రవారం దాకా, కలకత్తాకి దగ్గర్లోని ఈ రైల్వే ఊళ్లో ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్ల లైన్లలో ఉన్న మా తెలుగు ఇళ్లన్నీ వంతులు వేసుకుంటాయి. వర్క్‌షాపు నుంచి వచ్చినవాళ్లు స్నానాలు చేసి, చాపలూ ప్లాస్టిక్ కుర్చీలూ మోసుకుంటూ వంతు వచ్చిన ఇంటికి చేరతారు. రెండు కీర్తనలు పాడతాం, పాస్టరు అయ్యగారు వాక్యం చెబుతారు, ముగింపు ప్రార్థన, ఆ తరువాత టీ. ఎవరింట్లో కూటమైనా ముగింపు ప్రార్థన మాత్రం మా అమ్మే చేసేది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే.

మా అమ్మ గొంతెత్తి ప్రార్థన చేసేది కాదు. పక్కన కూర్చున్న మనిషితో చెప్పినట్టు చెప్పేది. "ప్రభువా, ఇదిగో ఈ పిల్లకి కడుపు నిలవడం లేదు, నువ్వు చూడాలి," అనేది. "ఈ బాబు తాగి తాగి ఒళ్లు పాడు చేసుకున్నాడు, పెళ్లాం ఏడుస్తంది, నువ్వు చూడాలి." ఇంత చిన్న మాటలకే అవతలి మనిషి కళ్లు తుడుచుకుని, మొహం తేటపడి లేచేవాడు. సంఘం వాళ్లే కాదు, మా లైన్లో హిందువులూ వచ్చేవారు. ఖరిదా పేట నుంచి ఒక బెంగాలీ ఆవిడ తన కూతుర్ని రిక్షాలో తీసుకొచ్చి, అరుగు మీద కూర్చోబెట్టి, చేతులు జోడించి నిలబడటం నాకు బాగా గుర్తు. ఆవిడకి తెలుగు ఒక్క ముక్క రాదు. అమ్మ తెలుగులోనే చేసింది.

మా నాన్న గూడ్సు గార్డు. ఆయన సర్వీసులో ఉండగానే పోతే ఆ ఉద్యోగం బదులు నాకు వర్క్‌షాపు ఆఫీసులో గుమస్తా పని ఇచ్చారు. ఈ క్వార్టరు అలా నా పేరు మీదికి వచ్చింది. నేను పెళ్లి చేసుకోలేదు. నాకు యాభై దాటాయి, అమ్మకి ఎనభై దగ్గర. ఇంట్లో మేమిద్దరమే.

కిందటేడు శ్రమకాలంలో మా ఇంటి వంతు మధ్యలో ఎప్పుడో వచ్చింది. ఎండలు అప్పుడే ముదిరాయి. ముందు గది చాలక వరండాలోనూ చాపలు పరిచాం. కీర్తనలు అయ్యాయి. అయ్యగారు గెత్సెమనే తోట గురించి చెప్పారు. ఆయన చిన్నవాడు, గుంటూరు వైపు నుంచి ఆ మధ్యనే వచ్చాడు, భార్య నిండు నెలలతో ఉంది. వాక్యం అయ్యాక అందరం కళ్లు మూసుకున్నాం. "అమ్మగారు ముగింపు ప్రార్థన చేస్తారు," అన్నారాయన.

ప్రార్థన మొదలవలేదు. అమ్మకి వినబడలేదేమో అనుకుని నేను మోచేత్తో కదిపాను. అయ్యగారు మళ్లీ అడిగారు.

"నేను చెయ్యను, అయ్యగారూ," అంది అమ్మ. "ఇంకెవరిచేతైనా చేయించండి."

కోపంగా అనలేదు. రెండోసారి కూర వడ్డిస్తుంటే చాలు అన్నట్టుంది ఆ గొంతు. ఒంట్లో బాగా లేదేమోనని అందరూ సర్దుకున్నారు. ఒక పెద్దాయన తడబడుతూ ముగించాడు. నేను టీ గ్లాసులు అందిస్తూ, రెండు రోజులుగా అమ్మకి బీపీ ఎక్కువగా ఉంటోందని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాను.

అందరూ వెళ్లాక పెరట్లో గ్లాసులు కడుగుతూ, ఏమైంది అమ్మా అని అడిగాను. అమ్మ గడప మీద కూర్చుని గోరుచిక్కుళ్లు తుంచుతోంది, మర్నాటి కూరకి. తుంచుతూనే చెప్పడం మొదలుపెట్టి, ఆగకుండా చెప్పింది.

తనకు నమ్మకం పోయి చాలా ఏళ్లయిందట. నాన్న పోయినప్పుడు పోలేదట, అప్పుడు బాగానే ఉందట. ఏదో పెద్ద దెబ్బ తగిలి పోయిందీ కాదట. ఒకనాడు ఎవరి కోసమో ప్రార్థన చేస్తుంటే, మధ్యలో అవతల ఎవరూ లేరని తెలిసిందట. ఫోనులో మాట్లాడుతుంటే లైను కట్ అయిన సంగతి మనకి ఎప్పటికో తెలిసినట్టు. ఆమెన్ అన్నాక కొంచెంసేపు ఊరుకుని వినేదట. లైను తిరిగి వస్తుందేమోనని అలా ఏళ్ల తరబడి విన్నదట.

"మరి ఇన్నేళ్లూ అందరికీ ఎలా చేశావు?" అన్నాను.

"వాళ్లు ఏడుస్తా వచ్చీవారు. ఏడుపు ఆపి వెళ్లీవారు. అది చాల్లే అనిపించింది."

"ఇప్పుడేమైంది మరి?"

"అలిసిపోనాను పాపా," అంది.

నన్ను ఇప్పటికీ పాప అనే పిలుస్తుంది. తుంచిన చిక్కుళ్లు గిన్నెలో పోసి, లేచి లోపలికి వెళ్లిపోయింది. నేను గ్లాసులు కడగడం పూర్తి చేశాను.

నాకు ముందు కోపం వచ్చింది. మోసం చేసిందనిపించింది. ఆ తరువాతి రోజుల్లో కోపం పోయి భయం పట్టుకుంది. ఆఫీసులో ఫైలు ముందు కూర్చుని ఆలోచించేదాన్ని. నాకు సొంతంగా నమ్మకం ఎప్పుడు ఉంది? చిన్నప్పుడు బాప్తిస్మం తీసుకున్నాను, గాయక బృందంలో పాడాను, ఆదివారం తప్పలేదు. కానీ దేవుడితో ఏదైనా పని పడితే అమ్మకి చెప్పేదాన్ని. అమ్మ ఆయనకి చెప్పేది. నేను నమ్మింది దేవుణ్ణి నమ్మే మా అమ్మని. ఆవిడ దగ్గరే ఏమీ లేదంటే ఇంక నా దగ్గర ఏముంటుంది?

అప్పటి నుంచి పొద్దున్నే మంచం మీద కూర్చుని నా అంతట నేను ప్రార్థన చెయ్యాలని చూశాను. నోట్లోంచి వచ్చేవన్నీ అమ్మ మాటలే. నువ్వు చూడాలి, నువ్వు చూడాలి. ఎవరు చూడాలి? వర్క్‌షాపు సైరన్ మోగేది, చీర మార్చుకుని ఆఫీసుకి వెళ్లేదాన్ని.

సంఘంలో అమ్మ సంగతి దాచిపెట్టాను. బీపీ అన్నాను, గొంతు నొప్పి అన్నాను, మందుకి మగతగా ఉంటోందన్నాను. అయ్యగారు మాత్రం ఒక సాయంత్రం ఇంటికి వచ్చారు. అమ్మ టీ పెట్టి, ఆయన భార్యకి నొప్పులు మొదలైతే ఎవరిని పిలవాలో, రైల్వే ఆసుపత్రిలో ఏ సిస్టరు మంచిదో అన్నీ చెప్పింది. ఆయన మెల్లిగా విషయానికి వచ్చారు. పెద్ద వయసులో శోధనలు వస్తాయని, ప్రభువుకి కూడా సిలువ మీద తండ్రి మొహం తిప్పుకున్నట్టు అనిపించిందని చెప్పారు. చదివి నేర్చుకున్న మాటలే అయినా మనసు పెట్టి చెప్పారు.

"ఆయనకి మూడో రోజు ఉంది గదా అయ్యగారూ," అంది అమ్మ.

ప్రభువు సమాధిలోంచి లేచింది మూడో రోజే. అయ్యగారు ప్రార్థన చేసి వెళతానన్నారు. వద్దు బాబూ, ఏమీ అనుకోకు, అంది అమ్మ. ఆయన చెప్పులు వేసుకుంటూ నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను.

మట్టల ఆదివారం నేనొక్కదాన్నే ఈతమట్ట పట్టుకుని ఊరేగింపులో నడిచాను. మంచి శుక్రవారం, ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో తల్లితో అన్న మాట మీద మాట్లాడేది ఏటా మా అమ్మే. ఆ ఏడు దాన్ని స్త్రీల సమాజంలో ఇంకొకావిడకి ఇచ్చారు. ఆవిడ కాగితం మీద రాసుకుని చదివింది. బాగానే చదివింది. ఫ్యాన్లు తిరుగుతున్నా జాకెట్లు తడిసిపోతున్నాయి. మూడు గంటలు కూర్చుని, ఉపవాసంతో తల తిరుగుతుండగా ఇంటికి నడిచి వచ్చాను.

మా వరండాలో పిన్ని కూర్చుని ఉంది.

పిన్ని అంటే చుట్టరికం కాదు. మా గోడకి అవతలి క్వార్టరు వాళ్లది. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లయి ఈ ఊరు వచ్చింది. వాళ్లు హిందువులు, ఇంట్లో దేవుడి పటాలన్నీ ఉన్నాయి. అయినా కష్టం వస్తే మా అమ్మ దగ్గరికి వచ్చి "అప్పా, మీ దేవుడికి ఒక మాట సెప్పు," అనేది. అప్ప అంటే వాళ్ల వైపు అక్క. కొడుకు వర్క్‌షాపులో చేరినప్పుడు అలాగే చెప్పించుకుంది, కోడలు పురిటికి వెళ్లినప్పుడూ అంతే. బాబాయి ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. మా నాన్న పోయిన తరువాత మా ఇంట్లో కుళాయి కారినా, తలుపు బిగుసుకుపోయినా పిలవకుండానే వచ్చి బాగు చేసి వెళ్లేవాడు.

ఆ వారం బాబాయికి గుండెల్లో నొప్పి వచ్చింది. రైల్వే ఆసుపత్రి వాళ్లు కలకత్తా పంపించారు. కొడుకూ కోడలూ ఆయనతో ఉన్నారు. శనివారం ఆపరేషను. పిన్ని బట్టలు తీసుకెళ్లడానికి వచ్చి, తిరిగి హౌరా లోకల్ రైలు ఎక్కేముందు మా ఇంటికి వచ్చింది.

"అప్పని అడుగుతున్నాను పాపా, పలకదు," అంది నాతో. "ఆళ్లు గుండె కోసేత్తారట. ఒక్క మాట సెప్పమను."

అమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. మొహం చూస్తే, నేను రాకముందే పిన్ని చాలాసేపు బతిమాలిందని తెలిసింది. అమ్మ నా వైపు చూసి, "పాప సేత్తాది," అంది.

నేను చెప్పుల్తో అలాగే నిలబడ్డాను. కాదనడానికి ఏం చెప్పాలి? పిన్ని అప్పటికే కొంగు తల మీద కప్పుకుని కళ్లు మూసుకుంది. నేను చెప్పులు విడిచి, ఆవిడ ముందు కూర్చుని, ఆవిడ చేతులు పట్టుకున్నాను. బట్టల సబ్బుకి గరుకెక్కిన చేతులు. ప్రభువా అన్నాను. బాబాయి పేరు చెప్పాను. ఎన్నిసార్లు మా ఇంటి తలుపు బాగు చేశాడో చెప్పాను. డాక్టర్ల చేతులు గట్టిగా ఉండాలన్నాను. నువ్వు చూడాలి అన్నాను. నా గొంతు అచ్చం అమ్మ గొంతులా ఉంది. ఆమెన్ అనేసరికి పిన్ని ఏడుపు ఆగింది. మొహం తేటపడింది. ముక్కు చీది, కొంగుతో తుడుచుకుని, సంచి భుజానికి తగిలించుకుని గబగబా వెళ్లింది.

నేను అక్కడే కూర్చుండిపోయాను. కాసేపటికి తెలిసింది, నేను వింటున్నానని. రోడ్డు మీద టోటో రిక్షాల హారన్లు, దూరంగా షంటింగ్ ఇంజను. అమ్మ నన్నే చూస్తోంది. ఆవిడకి అర్థమైంది. "లెగు, గంజి తాగు," అంది.

శనివారం సాయంత్రం సమాధుల తోటకి వెళ్లాను. ఈస్టరు ముందురోజు మావాళ్లు సమాధులు కడిగి సున్నం కొడతారు, తెల్లవారుజామున అక్కడే ఆరాధన. నాన్న సమాధికి ఒక పక్క సున్నం పూర్తయి, రెండో పక్కకి తిరిగాను. ఫోను మోగింది. పిన్ని కొడుకు.

"అక్కా, నాన్న పోయినారు," అన్నాడు. ఆపరేషను అయింది, బయటికి తీసుకొచ్చాక పోయారట. రేపు పొద్దెక్కేసరికి తీసుకొస్తామన్నాడు. ఇల్లు తెరిచి కాస్త సర్ది ఉంచమన్నాడు. తాళంచెవి మా దగ్గరే ఉంటుంది ఎప్పుడూ. సరే అన్నాను. వాడు ఏడవలేదు, ఎవరికో బెంగాలీలో జవాబు చెబుతూ ఫోను పెట్టేశాడు.

కుంచె బకెట్లో పడేసి ఇంటికి వచ్చాను. అమ్మకి చెప్పాను. ఆవిడ లేచి, తాళంచెవి తీసుకుని, గోడ పట్టుకుంటూ పక్కింటికి వెళ్లింది. నేను వెనకాలే వెళ్లాను. ఇద్దరం కలిసి ముందు గదిలోని మంచం లోపలికి జరిపాం. ఆవిడ నడుం వంగకపోయినా చీపురు నాకివ్వలేదు. గది ఊడ్చి, తడిగుడ్డ పెట్టింది. బాబాయి లుంగీ తీగ మీద ఆరేసి ఉంటే తీసి మడత పెట్టి, ఎక్కడ పెట్టాలో తెలీక చాలాసేపు చేత్తో పట్టుకు నిలబడింది. చివరికి అలమరలో పెట్టింది.

మర్నాడు తెల్లవారకముందే నేను సమాధుల తోటకి వెళ్లాను. వెళ్లకపోతే అడుగుతారు. గాయక బృందంలో ఆల్టో, అంటే కింది శ్రుతి, పాడేవాళ్లు తక్కువ, పాతవాళ్లలో సగంమంది వేరే ఊళ్లలో పిల్లల దగ్గరికి వెళ్లిపోయారు. అందరూ కొవ్వొత్తులు పట్టుకున్నారు. గాలికి ఆరిపోతుంటే ఒకరి దగ్గర ఒకరు వెలిగించుకుంటున్నారు. తెలుగు పేర్లున్న సమాధుల్లో చాలావాటి ముందు ఎవరూ లేరు. అటువైపు గడ్డి కూడా కొయ్యలేదు. నాన్న సమాధి ఒక పక్క తెల్లగా, ఒక పక్క నల్లగా ఉంది.

తూరుపు ఎరుపెక్కాక అయ్యగారు ప్రభువు లేచాడని చెప్పారు. నిజంగా లేచాడని అందరం బదులు చెప్పాలి. చెప్పారు. నాకు నోరు రాలేదు. ప్రయత్నించలేదని కాదు. ఆ పొద్దు సమాధి దగ్గరికి వెళ్లిన ఆడవాళ్ల గురించి చిన్నప్పటి నుంచీ వింటున్నాను. సుగంధ ద్రవ్యాలు పట్టుకుని, చచ్చిపోయిన మనిషి కోసమే వెళ్లారు. అంతవరకు నేనూ వాళ్లలో ఒకదాన్నే. ఆ తరువాత వాళ్లకి ఎదురైంది నాకు ఎదురవలేదు. నా ముందున్నది మూసి ఉన్న రాయే. పాట మొదలైతే పాడాను. పాటకి నమ్మకం అక్కర్లేదు, శ్రుతి కలిస్తే చాలు. నా పక్కనున్న పిల్ల నవ్వుతూ హ్యాపీ ఈస్టర్ ఆంటీ అంది. హ్యాపీ ఈస్టర్ అన్నాను.

ఎండెక్కాక అంబులెన్సు మా లైన్లోకి వచ్చింది. వర్క్‌షాపు వాళ్లు చాలామంది వచ్చారు. బాబాయిని ముందు గదిలో, మేము ఊడ్చిన చోట పడుకోబెట్టారు. పిన్ని గోడకి ఆనుకుని కూర్చుంది. రాత్రంతా ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. అమ్మ వెళ్లి పక్కన కింద కూర్చుంది. ఆ వయసులో కింద కూర్చుంటే లేవడానికి ఇద్దరు పట్టాలి. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఈస్టరుకని కట్టుకున్న తెల్లచీర ఇంకా ఒంటి మీదే ఉంది.

పిన్ని తల తిప్పి అమ్మని చూసింది. నేనక్కడ ఉన్నానని తెలుసు, అయినా ఆవిడకే చెప్పింది.

"అప్పా, పాప సెప్పింది. పాపది మీ దేవుడికి కొత్త గొంతుక. నువ్వు సెప్పుంటే ఇనీవోడేమో."

గదిలో ఉన్నవాళ్లు విన్నారు. ఎవరో ఆడమనిషి ఊరుకో అంది. నేను అమ్మ మొహం చూశాను. నిజం చెబుతుందనుకున్నాను. అంతమందిలోనూ చెప్పేస్తుందని, ఇన్నేళ్లూ అవతల ఎవరూ లేరని అంటుందని, భయపడ్డాను.

"నేనూ సెప్పినాను," అంది అమ్మ. "నువ్వు రైలెక్కడానికి వెళ్లినాక, లోపలికెళ్లి నేనూ సెప్పినాను. మోకాళ్ల మీదుండి సెప్పినాను."

పిన్ని ఆవిడ మొహంలోకి చూసింది. "నువ్వు సెప్పినా ఇన్లేదా?"

"ఇన్లేదు."

పిన్ని తల ఊపింది. అమ్మ భుజం మీద తల పెట్టి కళ్లు మూసుకుంది. మగవాళ్లు పాడెకి వెదుళ్లు తెచ్చేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు.

మధ్యాహ్నం ఇంటికి వచ్చాక అమ్మకి నీళ్లు తోడి, స్నానం చేయించి, మంచం మీద కూర్చోబెట్టాను. ఈస్టరుకని ముందురోజు తెచ్చిన మాంసం ఫ్రిజ్‌లో అలాగే ఉంది. అడగకుండా ఉండలేకపోయాను. నిజంగా చేశావా అమ్మా అన్నాను. నాలో ఏదో మూల, చేశాననే అంటుందని ఆశ ఉంది. మొగుడి కోసం ఏడుస్తున్న ఆడమనిషిని చూసి, పాత అలవాటుకొద్దీ అయినా, మోకాళ్ల మీద కూలబడి ఉంటుందనుకున్నాను.

"లేదు," అంది. "అలగ అనకపోతే బతికినన్నాళ్లూ అదే మనసులో పెట్టుకుంటాది. అప్ప సెప్పుంటే బతికీవోడు అని. ఇప్పుడు ఆ బాధైనా లేదు."

"నాకు ఉంది," అన్నాను.

అమ్మ నా చేతిని తన ఒళ్లో పెట్టుకుంది. ఓదార్చడానికి తన దగ్గర ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు. సాయంత్రానికి కాలబైశాఖి గాలివాన లేచి, పెరట్లో ఆరేసిన బట్టలన్నీ ఎగిరి బురదలో పడితే, నేను వెళ్లి ఏరుకొచ్చి మళ్లీ ఉతికాను.

ఇదంతా జరిగి ఏడాది కావస్తోంది. అమ్మ ఇప్పుడు మంచం దిగడం తక్కువ. పిన్ని సాయంత్రాలు వచ్చి అమ్మకి తల దువ్వుతుంది. వాళ్లిద్దరూ దేవుడి మాట ఎత్తరు. చేపల ధర, కోడలి వంట, పాత క్వార్టర్లు పడగొట్టేస్తారన్న పుకారు, ఇవే మాట్లాడుకుంటారు.

మళ్లీ శ్రమకాలం వచ్చింది. అమ్మ స్థానంలో నన్ను ఉండమని స్త్రీల సమాజం వాళ్లు అడిగారు, అమ్మ గొంతు నాకు వచ్చిందట. కాదనలేకపోయాను. చాపల మీద కూర్చున్నవాళ్లు కళ్లు మూసుకుంటారు, నేను చెప్పాల్సినవి చెబుతాను. కూటం అయ్యాక ఎవరో ఒకరు ఆగి, నా చెయ్యి పట్టుకుని, వాళ్లింటి సంగతి చెవిలో చెబుతారు. ఒకామె కొడుకు ఇందా పేటలో అద్దె ఇంట్లో ఉండి పోటీ పరీక్షలకి చదువుతున్నాడు, నాలుగోసారి తప్పాడు, ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఆమె కోసం మొన్న చేశాను. ఏడుపు ఆపి వెళ్లింది.

నీకు నమ్మకం ఉందా అని నన్ను ఎవరూ అడగరు. మా సంఘంలో ఆ ప్రశ్న ఒకరినొకరు అడిగే అలవాటు లేదు. అడిగితే ఏం చెప్పాలో నేనింకా అనుకోలేదు. రేపు సాయంత్రం కూటం మా ఇంట్లోనే. చాపలు దులపాలి, పాలు ఎక్కువ తెమ్మని చెప్పాలి. అమ్మ తన మంచం లోపలి గదిలోకి మార్చమంది. పాటల చప్పుడుకి నిద్ర పట్టదట.